కొత్త కత్తికి తొలి సాన

వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో గొడ్డళ్లకీ రంపాలకీ కొదవ లేదు. చెట్టు కొట్టబోయే ముందు గొడ్డలి నూరుకోవాలంటూ అబ్రహాం లింకన్ పేరు మీద ఒక మాట ఏళ్ల తరబడి తిరుగుతోంది. ఆయన ఆ మాట అన్నట్టు ఆధారం మాత్రం లేదు. 1989లో వచ్చిన స్టీఫెన్ కవీ పుస్తకంలో ఏడో అలవాటు రంపానికి పదును పెట్టుకోవడమే. మంచి మాటలే, కాదనను. కానీ అవన్నీ చదివి వంటింట్లోకి వెళ్లాక, నిన్న కొన్న కత్తి టమాటా తోలు మీద జారిపోతుంటే ఏం చెయ్యాలో వాటిలో ఒక్కటీ చెప్పదు. పదును వాళ్లకి ఒక పోలిక, అంతవరకే. ఈ అధ్యాయంలో కత్తి అంటే కత్తే. ఒక ఆదివారం పొద్దున తీరిగ్గా కూర్చుని, ఒక మొద్దు కత్తిని మీ చేత్తో మీరే నూరి, దాని ఒంటికి కొత్త రూపు తెచ్చే పని ఇది. చదివి మూసేస్తే పనికిరాదు. కత్తి పక్కన పెట్టుకుని చదవండి.

కొత్త కత్తి తెగకపోతే షాపువాణ్ని తిట్టుకుంటాం. పాపం, అన్నిసార్లూ అతని తప్పు కాదు. మామూలు స్టెయిన్‌లెస్ చాకుని పల్చటి రేకులోంచి కోస్తారు. తర్వాత తిరిగే బెల్టు మీద రెండు పక్కలా రాసి అంచు తీస్తారు. ఆ రాయడం క్షణాల్లో అయిపోతుంది. అంచు మరీ సన్నగా తీస్తే రవాణాలోనే దెబ్బతినొచ్చు, కొన్నవాడు దాంతో కొబ్బరికాయ కొట్టినా కొడతాడు. అందుకని తయారుచేసేవాడు అంచుని కాస్త లావుగానే వదిలేస్తాడు. పైగా బెల్టు మీద రాసినప్పుడు అంచు చివర వెంట్రుకకన్నా సన్నటి లోహపు పొర ఒకటి వంగి వేలాడుతూ మిగిలిపోతుంది. వర్క్‌షాపుల్లో దాన్ని బర్ అంటారు. అది ఊడకుండా ఉన్నంతసేపూ కత్తి కాగితాన్ని బాగానే కోస్తుంది; ఇంటికొచ్చి రెండు రోజులు కూరలు తరిగేసరికి ఆ పొర మడతపడి కత్తి మొండికేస్తుంది. కంపెనీ సగం పని చేసి పంపింది. మిగతా సగం కొన్నవాళ్ల వంతు.

విశాఖలో కూర్చుని కత్తి గురించి మాట్లాడుకోవడంలో ఒక తమాషా ఉంది. ఉక్కు కోసం కొట్లాడిన ఊరు ఇది. 1966లో 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అంటూ రాష్ట్రమంతా రోడ్డెక్కింది. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, 1992 ఆగస్టులో పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఇంత చేసినా మీ వంటింటి కత్తిలో ఉన్నది ఆ ఉక్కు కాదు. గాజువాక పక్కన తయారయ్యేవి స్లాబుల్లో వేసే కడ్డీలు, తీగచుట్టలు, యాంగిళ్లు, చానెళ్లు. కడ్డీ విరక్కుండా వంగాలి, సాగాలి. అందుకే కడ్డీల ఉక్కులో కార్బన్ 0.3 శాతం దాటకూడదని మన దేశపు ప్రమాణం. అలాంటి ముక్కని ఎంత నూరినా పదును వస్తుంది గానీ నిలవదు. సాదా ఉక్కుతో చేసిన కత్తి పదును పట్టి ఉండాలంటే కార్బన్ అర శాతానికి పైనే కావాలి. కమ్మరి కత్తి చెయ్యమంటే కొత్త కడ్డీ జోలికి పోకుండా పాత లారీ కమాను పట్టీ వెతుక్కునేది ఇందుకే. వర్క్‌షాపు మనుషులు విరిగిన పవర్ హాక్సా బ్లేడుకి పిడి తొడిగి ఇంటికి తెచ్చుకునేదీ ఇందుకే. మన పాతకాలపు ఉక్కువాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు: నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మట్టి మూసల్లో తీసిన ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండేది. దాన్ని కొనుక్కోవడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు.

ఈ కథంతా చెప్పడం ఒక చిన్న పరీక్ష కోసం. నూరడం మొదలుపెట్టే ముందు ఫ్రిజ్ మీద అతికించుకునే అయస్కాంతం బిళ్ల ఒకటి తీసుకుని కత్తి అలుగుకి ఆనించండి. గట్టిగా అంటుకుంటే మీ శ్రమకి చాలావరకు ఫలితం ఉంటుంది. అసలు అంటుకోకపోతే ఆ రేకు గిన్నెలూ గ్లాసులూ చేసే రకం స్టెయిన్‌లెస్. దాన్ని కాల్చి చల్లార్చినా గట్టిపడదు. నూరితే ఆ పూటకి తెగుతుంది, మర్నాటికి మళ్లీ మొదటికొస్తుంది. దాన్ని వెన్న రాసుకోవడానికి ఉంచేసి వేరే కత్తి తెచ్చుకోండి. దేని మీద కష్టపడాలో తేల్చుకోవడానికి అర నిమిషం చాలు. చాలామంది ఆ అర నిమిషం పెట్టరు.

నూరడమంటే ఉక్కుకన్నా గట్టిదాన్ని ఉక్కు మీద రాయడమే, అందులో మర్మం ఏమీ లేదు. ఆ గట్టి సరుకు ఒకటి ఈ ఊళ్లో కాళ్ల కిందే దొరుకుతుంది. ఇక్కడి కొండల్లో ఎక్కువగా కనిపించే ఖొండలైట్ రాయిలో గార్నెట్ గింజలుంటాయి. రాయి శిథిలమైతే ఆ గింజలు వానకి కొట్టుకొచ్చి, భీమిలి దాకా తీరం పొడుగునా ఇసుకలో అక్కడక్కడ ఎర్రటి చారలు కడతాయి. వాటి పక్కన నల్లగా నిగనిగలాడేది ఇల్మెనైట్. వడ్రంగులు కర్ర మీద రుద్దే గరుకు కాగితాల్లో కొన్నిటికి గార్నెట్ పొడే అంటిస్తారు. కర్రకి సరే, కత్తికి మాత్రం అంత కలిసిరాదు. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో గార్నెట్ ఏడుకి అటూ ఇటూ, గట్టిపరిచిన కత్తి ఉక్కు ఆరుకి అటూ ఇటూ ఉంటాయి. ఇంత దగ్గర బలాబలాలైతే మీ రెక్కలు పడిపోతాయి, అంచు రావడం మాత్రం బాగా ఆలస్యం. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ విద్యుత్ కొలిమిలో పుట్టించిన కార్బోరండం తొమ్మిది దాటుతుంది. హార్డ్‌వేర్ షాపులో సానరాయి అడిగితే చేతిలో పెట్టే రెండు రకాల దిమ్మ ఎక్కువగా అదే. ఒక పక్క గరుకు, రెండో పక్క నునుపు.

రాయి కొనుక్కుంటే మంచిదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మాత్రం నేను వాటర్ పేపరే చెబుతాను. కార్లకి రంగు వేసేవాళ్లు తడిపి రుద్దే నల్లటి కాగితం అది, ఆటోమొబైల్ పెయింట్ షాపుల్లో విడి షీట్లుగా దొరుకుతుంది. దాని మీద ఉండేదీ కార్బోరండమే. 220, 400, 800, 1500 నంబర్లవి తలొకటి తెచ్చుకోండి. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. రాయి వాడేకొద్దీ మధ్యలో గుంట పడుతుంది, గుంట పడ్డ రాయి మీద కోణం నిలవదు. కాగితానికి ఆ బాధ లేదు, అరిగితే మార్చేస్తాం. దానికి కింద చదునైనది కావాలి. వంటింటి గ్రానైట్ గట్టు ఉండనే ఉంది. గట్టు తడిపి కాగితం పరిస్తే నీటి పట్టుకి అతుక్కుని కదలదు. ఇవి కాక ఒక నల్ల మార్కర్ పెన్ను, పాత తోలు బెల్టు, తడి గుడ్డ. అంతకుమించి ఖర్చు పెట్టకండి. చేతికి పని రాకముందే సామాను సమకూర్చుకునే జబ్బు గురించి ఈ పుస్తకంలో ఇంకోచోట రాశాను.

ముందు కత్తిని సబ్బుతో, వేడినీళ్లతో కడగండి. కొత్త కత్తుల మీద తుప్పు పట్టకుండా నూనె పూస్తారు, కొన్నిటి మీద కనిపించని వార్నిష్ పొర ఉంటుంది. అది సబ్బుకి పోకపోతే గోళ్ల రంగు తీసే ద్రవంతో తుడిస్తే పోతుంది. తర్వాత మళ్లీ కడిగి పొడిగా తుడవండి.

ఇక కోణం. పనంతా ఇందులోనే ఉంది. ఒక కాగితం మూల తీసుకోండి, అది తొంభై డిగ్రీలు. అంచులు కలిసేలా ఒకసారి మడిస్తే నలభై ఐదు. ఇంకోసారి మడిస్తే ఇరవై రెండున్నర. మనకి కావలసిన కోణానికి అది చాలా దగ్గర. ఆ మడతని గట్టు మీద నిలబెట్టి, కత్తి అంచు గట్టుకి తగిలేలా, అలుగు ఆ మడత వాలుకి ఆనేలా పెట్టి చూడండి. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు కత్తి అయితే దాని వీపు గట్టు నుంచి ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తులో నిలుస్తుంది. ఆ ఎత్తు కంటికి పట్టాక మడత తీసేయండి. ఇకనుంచి ఆ ఎత్తుని చెయ్యి గుర్తుపెట్టుకోవాలి. మణికట్టు బిగించి, కదలిక భుజం నుంచి రానివ్వండి. మణికట్టు ఆడితే అంచు గుండ్రం అవుతుంది. గుండ్రం అయిన అంచుతో వేయి సార్లు రాసినా పదును రాదు.

అంచుకి రెండు పక్కలా మార్కర్‌తో నల్లగా పూయండి. 220 కాగితం తడిపి పరవండి. కత్తి అంచు మీకు ఎదురు దిక్కుకి ఉండాలి, వీపు మీ వైపు. ఆ ఎత్తులోనే పట్టుకుని మీ వైపుకి లాగండి. వీపు ముందు నడవాలి, అంచు వెనక రావాలి. అంచుని ముందుకు తోశారంటే కాగితం చిరిగిపోతుంది. పిడి పక్కనుండే మడమ దగ్గర మొదలుపెట్టి లాగుతూ లాగుతూ మొన దగ్గర ముగించండి. మొన దగ్గర అలుగు వంపు తిరుగుతుంది కాబట్టి అక్కడికొచ్చేసరికి పిడిని కొంచెం పైకెత్తాలి. రెండుమూడు లాగుళ్లయ్యాక ఆగి, నల్లరంగు ఎక్కడ చెరిగిందో వెలుతురులో చూడండి.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. మొదట్లో రంగు అంచు దగ్గర చెరగదు. అంచుకి కాస్త పైన, వాలు మొదలయ్యే భుజం దగ్గర మాత్రమే చెరుగుతుంది. ఫ్యాక్టరీవాడు లావుగా వదిలేసిన ఉక్కు అదే. అది చూడగానే కత్తి వీపు ఇంకాస్త పైకెత్తాలనిపిస్తుంది. ఎత్తితే రంగు వెంటనే అంచు దగ్గర చెరుగుతుంది, పదునూ కొంచెం వస్తుంది, మనసుకి హాయిగా ఉంటుంది. కానీ ఆ లావు అలాగే ఉండిపోతుంది. అలాంటి కత్తి కాగితాన్ని కోస్తుంది, క్యారెట్‌ని మాత్రం కొయ్యదు, చీలుస్తుంది. ఎత్తకండి. అదే ఎత్తులో రాస్తూ పొండి. చెరిగిన మెరుపు గీత నెమ్మదిగా కిందికి, అంచు వైపుకి దిగుతూ వస్తుంది. చెరిగినప్పుడల్లా మళ్లీ రంగు పూయండి. ఈ పనికి పట్టే గంటలో ఎక్కువ భాగం ఈ ఒక్క మెట్టు మీదే గడిచిపోతుంది. కొత్త కత్తికి జీవితంలో ఒక్కసారి చేసే పని ఇది. తర్వాత్తర్వాత పది నిమిషాల పనే.

గీత అంచుని తాకిందో లేదో కంటికన్నా వేలికి ముందు తెలుస్తుంది. ఒక పక్కన ఉక్కు పూర్తిగా అరిగి అంచు దాకా వచ్చేసరికి రెండో పక్కకి బర్ వంగి లేస్తుంది. ఆ రెండో పక్క మీద బొటనవేలిని వీపు వైపు నుంచి అంచు వైపుకి, అంచు దాటి బయటికి మెల్లగా జార్చండి. అంచు వెంబడి పొడుగునా మాత్రం ఎప్పుడూ జార్చకండి. గోటికి సన్నటి గీర తగిలినట్టు, పట్టీపట్టనట్టు ఏదో ఆపుతుంది. అదే. నమ్మకం కుదరకపోతే దూది ముక్కని అంచు మీద తేలిగ్గా రాయండి, బర్ ఉన్నచోట పోగులు చిక్కుకుంటాయి. మడమ నుంచి మొన దాకా అంగుళం కూడా వదలకుండా బర్ తగలాలి. మధ్యలో ఎక్కడైనా తగలకపోతే అక్కడ మాత్రమే ఇంకాస్త రాయండి. మొత్తం తగిలాకే కత్తి తిప్పి, రెండో పక్క ఇదంతా మళ్లీ.

పక్కకి యాభైసార్లు రాయమనీ, వందసార్లు రాయమనీ చెప్పేవాళ్లుంటారు. ఆ లెక్క నమ్మొద్దు. ఒక్కో కత్తి ఉక్కు ఒక్కో రకం, ఒక్కో చేతి బరువు ఒక్కో రకం. బర్ వచ్చేదాకా రాయాలి, వచ్చాక ఆపాలి, అంతే లెక్క. లెక్కపెట్టకుండా చూసుకుంటూ రాయడం ఫిట్టర్ల దగ్గర నేర్చుకోవాలి, విశాఖ వాళ్ల ఊరే. 1933లో రేవు తెరుచుకుంది, 1941లో సింధియా వాళ్ల షిప్‌యార్డుకి పునాది పడింది, ఆ తర్వాత డీజిల్ లోకో షెడ్, బీహెచ్‌పీవీ ఫ్యాక్టరీ, ఉక్కు కర్మాగారం వచ్చాయి. వీటన్నిటికీ చేతులు కావాలి. కంచరపాలెం ఐటీఐ లాంటి చోట ఫిట్టర్ ట్రేడులో చేరిన కుర్రాడు మొదట నేర్చుకునేది ఆకురాయి పట్టడం. ఒక ఇనుప ముక్కని ఆకురాయితో చదును చెయ్యాలి. చూస్తే పరమ విసుగు పని. అందులో ఆరితేరిన చెయ్యిని దగ్గర నుంచి గమనించండి: నాలుగుసార్లు రాస్తాడు, ముక్క వైస్‌లోంచి తీస్తాడు, ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటాడు, సందులోంచి వెలుగు ఎక్కడ వస్తోందో చూస్తాడు, మళ్లీ రాస్తాడు. రాయడం కన్నా చూడటమే ఎక్కువ. కొత్తవాడు మాత్రం చెమటోడ్చి రాస్తూనే ఉంటాడు, చూడడు. పోటీ పరీక్షలకి చదివే పిల్లలు రోజుకి పద్నాలుగు గంటలు చదివామని చెప్పినప్పుడు నాకు ఆ కొత్త ఫిట్టర్లు గుర్తొస్తారు. పుస్తకం మూసి ఎంత గుర్తుందో చూసుకున్న గంటలెన్ని అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు.

220 అయ్యాక మిగతా మెట్లు చకచకా దిగిపోవచ్చు. 400 మీద రెండు పక్కలా, తర్వాత 800, తర్వాత 1500. ప్రతి మెట్టులోనూ బర్ వస్తుంది, ప్రతిసారీ ముందటికన్నా సన్నగా. నంబరు పెరిగేకొద్దీ చేతి బరువు తగ్గించండి. 1500 దగ్గరికొచ్చేసరికి కత్తి తన బరువుతో తనే రాసుకోవాలి. చివర్లో అటు ఒకటి, ఇటు ఒకటి, పక్కలు మారుస్తూ లాగితే బర్ అటూ ఇటూ ఊగి బలహీనపడుతుంది. అప్పుడు తోలు బెల్టు లోపలి గరుకు పక్కని ఏదైనా చదునైన దాని మీద బిగించి, దాని మీద వీపు ముందుగా మెత్తగా లాగండి. మంగలి కత్తికి చేసేది ఇదే. బెల్టు లేకపోతే గ్రానైట్ మీద పరిచిన న్యూస్‌పేపర్ మడత చాలు. ఈ చివరి మెట్టు వదిలేస్తే ఫ్యాక్టరీవాడు చేసిన పనే మీరూ చేసినట్టు: బర్‌ని పదును అనుకుని మోసపోవడం.

పరీక్షకి చేతి మీద వెంట్రుకలు గీక్కోనక్కర్లేదు. అంచుని పైకి తిప్పి, ట్యూబ్‌లైట్ కింద నిటారుగా పైనుంచి చూడండి. పదునున్న అంచుకి వెలుగుని తిప్పికొట్టేంత వెడల్పు ఉండదు, నల్లటి గీతలా కనిపిస్తుంది. ఎక్కడైనా చుక్కలా మెరిసిందంటే అక్కడ ఇంకా మొద్దుగా ఉంది. ఆ తర్వాత టమాటా. బాగా పండినది తీసుకుని, కత్తిని దాని మీద ఆనించి నొక్కకుండా లాగండి. తోలు తెగిన చప్పుడు కూడా రాకూడదు.

పదును వచ్చింది, ఇక ఒళ్లు చూడాలి. చవక కత్తుల్లో వీపు మూలలు కోసిన రేకులా గరగరగా ఉంటాయి. అరగంట కూరలు తరిగితే చూపుడువేలు పక్కన కాయ కట్టేది వాటివల్లే. అంచు మీద మందపాటి గుడ్డ చుట్టి, కత్తిని రెండు పలకల మధ్య బిగించి, 220 కాగితాన్ని సన్నటి పట్టీగా చింపి బూటు పాలిష్ చేసినట్టు వీపు మీద అటూ ఇటూ లాగండి. మూల గుండ్రం అయ్యాక 800తో నునుపు చేయండి. కత్తి పట్టుకున్నప్పుడు తెలిసే తేడా చూస్తే, అంత చిన్న పనికి ఇంత సుఖమా అనిపిస్తుంది. అలుగు మీద గీతలుంటే 400, 800, 1500 కాగితాలతో పిడి నుంచి మొన వైపుకి ఒకే దిక్కులో రుద్దండి. గుండ్రంగా రుద్దితే మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. అద్దంలా మెరిపించాలన్న పట్టుదల వద్దు. మొదటి వంకాయ కోసేసరికి ఆ మెరుపు పోతుంది. ఒకే దిక్కు గీతలతో ఉన్న మసక మెరుపే కొత్త గీతల్ని దాచేస్తుంది.

కర్ర పిడి అయితే దాన్ని కూడా ఒకసారి చేత్తో తడిమి చూడండి. రివెట్లు పైకి పొడుచుకొచ్చినా, కర్రకీ ఉక్కుకీ మధ్య మెట్టు తగిలినా 220తో సమం చేసి 400తో నునుపు చేయండి. పై పూత సంగతికొస్తే, అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మల మీద లక్క మెరుపు చూసినవాళ్లకి పిడికి కూడా అలాగే వేద్దామనిపించొచ్చు. బొమ్మకి బావుంటుంది గానీ, వేడినీళ్లు తగిలే వంటింటి పిడి మీద లక్క మెత్తబడుతుంది. గానుగ అవిసె నూనె మంచిది. పెయింట్ షాపులో దొరికే ఉడికించిన అవిసె నూనె వద్దు, అందులో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు. పల్చగా పూసి, పావుగంట ఆగి, పైన మిగిలినదంతా తుడిచేసి, రెండుమూడు రోజులు ఆరనివ్వండి. ఇలా రెండుమూడు పూతలు. ఒక జాగ్రత్త: అవిసె నూనె అంటిన గుడ్డని ఉండచుట్టి మూల పడేస్తే అది ఆరుతూ ఆరుతూ వేడెక్కి తనంతట తనే అంటుకోగలదు. విప్పి దండెం మీద ఆరేసి, ఆరాకే పారేయండి. వేరుశనగ నూనె పూస్తే ఆరదు, జిడ్డు జిడ్డుగా మిగిలి కొన్నాళ్లకి కంపు కొడుతుంది.

వీధిలోకి వచ్చే సానవాడికి ఇచ్చేస్తే పోదా అంటారా? కత్తిపీటకీ, కొబ్బరి బొండాల కత్తికీ అతనే సరి. సన్నటి వంటింటి కత్తిని మాత్రం తిరిగే చక్రానికి అప్పగించడానికి నాకు చెయ్యి రాదు. చక్రం ఒక్క విడతలో మీరు నెలల్లో అరగదీసేంత ఉక్కు తినేస్తుంది. దానికి తోడు వేడి. సాదా ఉక్కు అంచు నీలంగా మారిందంటే మూడొందల డిగ్రీల దాకా వేడెక్కినట్టు, ఆ మేరకు దాని గట్టిదనం పోయినట్టు. ఇవ్వక తప్పకపోతే పక్కన నీళ్ల చెంబు పెట్టి, రాసినప్పుడల్లా ముంచమని అడగండి. మంచి పనివాడైతే మీరు అడగకముందే ముంచుతాడు.

కత్తిపీటకి ఇంట్లోనూ చేసుకోవచ్చు, పద్ధతి ఒక్కటే తిరగబడుతుంది. అలుగు కదలదు కాబట్టి రాయే కదలాలి. పీట మీద కాలు వేసి తొక్కిపెట్టి, చిన్న సానరాయిని తడిపి, అలుగు వంపు వెంట కింది నుంచి పైకి రాయండి. వేళ్లు ఎప్పుడూ రాయి వెనకే ఉండాలి. సానరాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున గాజుపూత లేని గరుకు వలయంతో రాసినా నడుస్తుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు కోసిపెట్టే ఆడవాళ్లని చూడండి. కోనాం చేప నడిముల్లు అడ్డంగా తెగాలి, ముక్క చితక్కూడదు, వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు. అలుగు పూర్తిగా మొద్దుబారేదాకా వాళ్లు ఆగరు. మధ్యమధ్యలో రాయి తీసి రెండుసార్లు ఇలా రాసి పక్కన పెట్టేస్తారు. మన ఇళ్లలో ఏడాదికోసారి గంటసేపు నూరడం కన్నా ఆ పద్ధతి ఎంతో నయం. వారానికోసారి బెల్టు మీద పదిసార్లు లాగితే మళ్లీ వాటర్ పేపర్ దాకా వెళ్లే పని చాలా రోజులు రాదు.

సముద్రం పక్కన ఉన్నందుకు ఇంకో బాధ్యత. స్టెయిన్‌లెస్ మీద ఉండే క్రోమియం ఆక్సైడ్ పొర దాన్ని తుప్పు నుంచి కాపాడుతుంది. ఉప్పు ఆ పొరని చిన్న చిన్న చోట్ల ఛేదిస్తుంది, అక్కడ సూదిమొనంత గుంటలు పడతాయి. గాలిలోనే ఉప్పున్న ఊళ్లో కత్తిని కడిగి తడితో స్టాండులో గుచ్చడం, రాత్రంతా సింకులో వదిలెయ్యడం రెండూ ఒకటే. కడగ్గానే తుడవండి. సాదా ఇనుప కత్తిపీటకి అయితే తుడిచాక మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఒక చుక్క వేలితో రాయండి, అది చెడదు, వాసన రాదు. పులుపు కోసినప్పుడు ఇనుము మీద వచ్చే బూడిద నీలం మచ్చల్ని తోమి తోమి తియ్యకండి, ఆ పొర కొంత మేలే చేస్తుంది. ఎర్రటి తుప్పు కనిపిస్తే మాత్రం చింతపండు గుజ్జు కాసేపు పట్టించి రుద్ది, కడిగి ఆరబెట్టండి. దేని మీద కోస్తున్నారో కూడా చూసుకోవాలి. గ్రానైట్ గట్టు మీదా, స్టీలు పళ్లెంలోనూ నేరుగా కోస్తే ఆదివారం గంట కష్టం ఒక్క పూటలో పోతుంది. మటన్ షాపువాడు చింత మొద్దు ఊరికే పెట్టుకోలేదు.

కత్తిని మళ్లీ సబ్బుతో కడిగి, ఉక్కు పొడి లేకుండా తుడిచి, వంటింట్లో పెట్టే ముందు ఇంట్లో అందరినీ పిలిచి చెప్పండి. ఇన్నాళ్లూ మొద్దు కత్తికి అలవాటుపడి నొక్కి కోసిన చేతులవి. అదే బలంతో దీన్ని నొక్కితే ఉల్లిపాయ దాటి వేలి దాకా వచ్చేస్తుంది. ఒక్కొక్కరి చేత ఒక దోసకాయ తరిగించండి. వేళ్ల కొసలు లోపలికి ముడిచి, కణుపుల్ని కత్తికి ఆనించి, నొక్కకుండా ముందుకి జార్చడం అలవాటు అయ్యేదాకా పక్కనే నిలబడండి.